కొత్త పికప్ కొంటున్నారా? షోరూమ్‌లో బిగించిన చక్రాలతో జాగ్రత్త

పర్ల్ వైట్ పికప్ బుక్ చేసినవాళ్లు, పెద్ద నల్ల అలాయ్‌ల మీద మోజుతో అదనంగా కడుతున్నవాళ్లు డెలివరీ కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి. షోరూమ్ పేరు చెప్పను, గొడవ ఇంకా నడుస్తోంది.

నేను బుక్ చేసింది పర్ల్ వైట్, 18 అంగుళాల కంపెనీ అలాయ్‌లతో. డెలివరీ దగ్గరపడుతుండగా సేల్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్, మీ రంగు బండి రెడీగా ఉంది. కాకపోతే 20 అంగుళాల నల్ల అలాయ్‌లతో ఉంది. లుక్ అదిరిపోద్ది. కొంచెం ఎక్స్‌ట్రా అవుద్ది, అంతే." అవి కంపెనీవేనా అని అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ కంపెనీవే సార్" అన్నాడు. బిల్లులో మాత్రం "అలాయ్ వీల్ ప్యాకేజీ" అని ఒకే ఒక్క ముక్క రాశారు. ఎవరు తయారు చేశారు, ఎవరు బిగించారు, దేని బదులు బిగించారు, ఏదీ లేదు. ఇప్పుడు చూస్తే ఆ ముక్క కావాలనే అలా రాసినట్టుంది.

కొన్నాళ్లకే ముందు తలుపుల కింది భాగంలో, వెనక బెడ్ (సరుకు వేసే తొట్టి) ముందు అంచు మీద సన్నటి నల్లచుక్కలు కనబడ్డాయి. తారు అనుకుని గుడ్డతో తుడిస్తే పోలేదు. గోరుతో తడిమితే గుంట తగిలింది. రంగు లేచిపోయి అడుగున ప్రైమర్ కనబడుతోంది. కంకర రోడ్డెక్కిన ప్రతిసారీ చుక్కలు పెరుగుతూనే ఉన్నాయి. బండి వెనక నిలబడి చూస్తే కారణం తెలిసింది. టైర్లు వీల్ ఆర్చ్, అంటే చక్రం మీద ఉండే బాడీ వంపు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. టైరు ఆర్చ్ లోపల ఉంటే, అది లేపిన రాయి ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌కే తగిలి ఆగిపోతుంది. బయటికొస్తే ఆ రాయి నేరుగా మన తలుపు మీదికే వస్తుంది.

దీనంతటికీ మూలం చక్రం ఆఫ్‌సెట్. చక్రం వెనక వైపు ఈటీ అని పోతపోసి, పక్కన అంకె ఉంటుంది. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యగీత నుంచి హబ్‌కి (చక్రాన్ని నట్లతో బిగించే ఇరుసు భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే లెక్క అది. ఈటీ 30 ఉన్న చోట ఈటీ 0 బిగిస్తే టైరు 30 మిల్లీమీటర్లు, అంటే మూడు సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. చూడ్డానికి బండి కాళ్లు చాపుకుని నిలబడ్డట్టు దర్జాగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ తీరు మారుతుంది, రంగు సంగతి పైన చెప్పాను.

అసలు గుట్టు బయటపడింది స్టెప్నీ దగ్గర. బెడ్ కింద పడుకుని టార్చ్ వేసి చూస్తే దాని మీద 265/60ఆర్18 అని ఉంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద కంపెనీ స్టిక్కర్ ఉంటుంది కదా, అక్కడా అదే సైజు. నాలుగు చక్రాలకూ ఉన్నవి మాత్రం 265/50ఆర్20. నా బండి ఫ్యాక్టరీ నుంచి 18 తోనే వచ్చిందన్నమాట. షోరూమ్‌లో వాటిని ఊడదీసి, బయటి సరుకు బిగించి, అదనంగా నా దగ్గరే వసూలు చేశారు. ఊడదీసిన కొత్త చక్రాలూ టైర్లూ ఎటు పోయాయో మీరే ఊహించుకోండి.

వీటి ఎత్తు దాదాపు సమానం, 775 ఒకటి, 773 మిల్లీమీటర్లు ఇంకొకటి. మీటరులో స్పీడ్ తేడా రాదు కాబట్టి నడిపేవాడికి అనుమానమే రాదు. తేడా ఉన్నది టైరు మోయగల బరువులో. సైజు పక్కనే ఉండే అంకె లోడ్ ఇండెక్స్. స్టెప్నీ మీద 110, అంటే టైరు 1060 కిలోలు మోస్తుంది. నాకు బిగించినవాటి మీద 107, అంటే 975. వెనక రెండు టైర్లకూ కలిపి 170 కిలోలు కోత. కారుకైతే పెద్ద పట్టింపు లేకపోవచ్చు, బరువు వేయడానికే కొన్న పికప్‌కి ఇదేం న్యాయం? పైగా టైరు పక్కగోడ 159 నుంచి 132 మిల్లీమీటర్లకు తగ్గింది. గుంతలో పడితే రిమ్ వంగడానికి ఆ తేడా చాలు. చక్రానికీ విడిగా లోడ్ పరిమితి ఉంటుంది, వెనక వైపు చూడండి. నట్లు కూడా చూసుకోండి. బయటి చక్రాల నట్లు కొన్నిసార్లు స్టెప్నీకి సరిగా కూర్చోవు, ఆ సంగతి నడిరోడ్డు మీద పంక్చరైతే గాని తెలీదు.

ఇక రంగు. షోరూమ్‌ని అడిగితే "రాయి దెబ్బ వారంటీలోకి రాదు సార్" అని తేల్చేశారు. డెంటింగ్, పెయింటింగ్ షాపుకి తీసుకెళ్తే అక్కడ ఇంకో పాఠం. పర్ల్ వైట్ అంటే అడుగున తెలుపు, దాని మీద పల్చటి ముత్యపు పొర, ఆపైన క్లియర్, అంటే రంగులేని మెరుపు పొర. ఆ మధ్య పొర ఒక్క చుట్టు ఎక్కువ కొట్టినా తక్కువ కొట్టినా ఛాయ మారిపోతుంది. అందుకే ఒక తలుపు కింది భాగం బాగుచేయాలన్నా పక్క ప్యానెల్ లోకి కూడా రంగు కలుపుకుంటూ పోవాలి, లేకపోతే ఎండలో ఆ తలుపొక్కటే పసుపు పారినట్టు కనబడుతుంది. సీసాతో దొరికే టచప్ ఈ రంగుకి మచ్చలా మిగులుతుంది. ఎవరైనా చేయిస్తుంటే ముందు చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఎండలో బండి పక్కన పెట్టి చూసుకోండి. కంకరదారుల్లో తిరిగేవాళ్లకైతే నేను మామూలు తెలుపే చెప్తా, మెటాలిక్, పర్ల్ ఏదీ లేనిది. నలుపు గురించి కొత్తగా చెప్పేదేముంది, తుడిచిన ప్రతి గీతా కనబడుతుంది. మ్యాట్ జోలికి అసలు పోకండి, గీత పడితే పాలిష్ పట్టడానికే ఉండదు.

డెలివరీ రోజు దీపాల కింద బండి చూడొద్దు, బయట ఎండలోకి తీయించండి. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే పట్టుకెళ్లండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంకె కన్నా ముఖ్యం, ఒక ప్యానెల్‌కీ ఇంకో ప్యానెల్‌కీ తేడా. ఒక్క తలుపే రెట్టింపు చూపిస్తే రవాణాలో దెబ్బ తగిలి మళ్లీ రంగు వేశారేమో అడగండి. ప్లాస్టిక్ బంపర్ మీద ఆ మీటరు పనిచేయదు. బంపర్ రంగు కాస్త తేడాగా కనబడటం కొత్త బండ్లలోనూ ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. తలుపు రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపర కనబడితే మాత్రం ఊరుకోవద్దు.

బుకింగ్ కాగితం మీద రంగు కోడ్, చక్రం సైజు, ఈటీ, టైరు లోడ్ ఇండెక్స్ రాయించుకోండి. పెద్ద చక్రాలే కావాలంటే తీసుకోండి, మీ ఇష్టం, కానీ ఊడదీసిన ఒరిజినల్స్ మీవే. టైర్లతో సహా బెడ్‌లో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

ఇప్పుడు వాళ్లు ఆర్చ్‌లకి ప్లాస్టిక్ ఫ్లేర్లు, అంటే టైరును కప్పేలా బయటికి వచ్చే అంచులు, ఉచితంగా బిగిస్తామంటున్నారు. దానికి ఫెండర్లకి రంధ్రాలు కొట్టాలట. వద్దన్నాను. నా ఒరిజినల్ చక్రాలు ఎక్కడున్నాయో, ఎప్పుడిస్తారో మెయిల్‌లో రాసి అడిగాను. "స్టోర్‌లో కనుక్కుని చెప్తాం సార్" అని ఫోన్‌లో అంటున్నారే గాని, మెయిల్‌కి జవాబు లేదు.