పన్ను జోలికి వెళ్లని పళ్ల డాక్టరు: బ్రాడీపేట క్లినిక్ గురించి నా అనుభవం

నాకు నలభై రెండేళ్లు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. పై వరసలో ఎడమవైపు కోరపన్ను నాకు పక్కపన్ను మీదకి ఎక్కి ఉంటుంది. కింద ముందు నాలుగు పళ్లు చోటు చాలక మెలి తిరిగి ఒకదాని వెనక ఒకటి దూరి ఉంటాయి. పన్ను మీద పన్ను అదృష్టమని మా అమ్మమ్మ అనేది. పెళ్లిచూపులప్పుడు మాత్రం నోరు మూసుకుని నవ్వమని చెప్పిందీ ఆవిడే. ఈ పళ్లు సరిచేయించుకోవాలని గత ఏడాది గట్టిగా అనుకున్నాను. డబ్బు కూడా పక్కన పెట్టాను. చివరికి వద్దనుకున్నాను. ఆ నిర్ణయానికి రావడానికి సాయపడిన క్లినిక్ గురించే ఇదంతా రాస్తున్నాను.

క్లినిక్ గుంటూరు బ్రాడీపేటలో, ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంటుంది. పేరు రాయడం లేదు. డాక్టరుగారిని అడిగితే వద్దన్నారు. మా అమ్మాయికి క్లిప్పులు వేసింది ఆయనే. దాని పైపళ్లు బాగా ముందుకి ఉండేవి, పెదవి మూతపడేది కాదు. ఐదో తరగతిలో పడి ఒక ముందుపన్ను అంచు విరిగింది. పళ్లు అలా ఎత్తుగా ఉన్న పిల్లలకి పడ్డప్పుడు ముందు దెబ్బ తగిలేది వాటికేనని, ఈ వయసులోనే చేయించడం మంచిదని ఆయన చెప్పారు. పైన రెండు చిన్న దవడపళ్లు తీసి, ఇరవై రెండు నెలలు క్లిప్పులు ఉంచారు. నెలకోసారి తెనాలి నుంచి రైల్లో వెళ్లి తీగ మార్పించుకుని వచ్చేవాళ్లం. క్లిప్పులు తీసిన రోజు అది అద్దంలో చూసుకుని, ఇంటికొచ్చే దారంతా నాలికతో పళ్లు తడుముకుంటూనే ఉంది. రైల్లోనే అడిగింది, "అమ్మా, మరి నువ్వెందుకు వేయించుకోవు?" అని.

ఆ ప్రశ్న పట్టుకునే, మొదట విజయవాడలో ఒక పెద్ద చోటికి వెళ్లాను, ఈ డాక్టరుగారి దగ్గరికి కాదు. తీగలు కనపడకుండా పారదర్శకమైన ట్రేలతో పళ్లు సరిచేస్తారని అక్కడ బోర్డు చూశాను. ఇన్విజలైన్ అన్న పేరు మీరూ వినే ఉంటారు. అమెరికాలో 1997లో పెట్టిన అలైన్ టెక్నాలజీ కంపెనీ సరుకు. ఇప్పుడు అలాంటివి మన దగ్గరా చాలా కంపెనీలు చేస్తున్నాయి. టార్చిలైటు అంత గొట్టాన్ని నోట్లో తిప్పుతుంటే, ఎదురుగా తెర మీద నా పళ్లు ఒక్కొక్కటే గులాబీరంగు చిగుళ్లతో సహా లేచి నిలబడ్డాయి. అంత దగ్గరగా నా నోరు నేనెప్పుడూ చూసుకోలేదు. కోరపన్ను పైకి ఎక్కిన చోట చిగురు అంచు పలచబడి ఉంది. కింద పళ్ల లోపలివైపు పసుపుపచ్చగా గార. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక బటన్ నొక్కగానే పళ్లన్నీ మెల్లగా కదిలి వరసలోకి వచ్చేశాయి. నా నవ్వు ఫొటోలో కూడా కొత్త పళ్లు పెట్టి చూపించింది. బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఆ వెంటనే లెక్క వచ్చింది. లక్షా ఎనభై వేలు, ఆ రోజే అడ్వాన్సు కడితే ముప్పై వేలు తగ్గింపు. నెలసరి వాయిదాలకి ఆధార్, పాన్ ఉన్నాయా అని అడిగారు. నా చిగుళ్లని మాత్రం ఎవరూ వేలితో కూడా తాకలేదు. ఈ ప్లాను వేసే డాక్టరెవరు, ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్లు సరిచేసే విద్యలో, ఎండీఎస్ చేసినవారేనా అని అడిగాను. "సారు ఆన్‌లైన్లో చూస్తారు మేడం" అన్నారు. ఇంట్లో మాట్లాడి వస్తానని చెప్పి లేచాను. తర్వాత వారం రోజులు రోజుకి రెండు ఫోన్లు.

మా స్కూల్లో లెక్కల మేడం రెండేళ్ల కింద ఈ ట్రేలు పెట్టించుకుంది. ఏది ఎలా ఉంటుందో నాకు ఆవిడ దగ్గరే బాగా తెలిసింది. ట్రే రోజుకి ఇరవై, ఇరవై రెండు గంటలు నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు, టీ తాగేటప్పుడు తీసి, పళ్లు కడుక్కుని మళ్లీ పెట్టుకోవాలి. వారానికో రెండు వారాలకో కొత్త ట్రే. ఒక్కో ట్రే పన్నుని పావు మిల్లీమీటరు మేర జరుపుతుంది. స్టాఫ్‌రూములో పదకొండింటికి టీ, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి మళ్లీ టీ. ఆవిడ పాపం క్లాసులో మాట స్పష్టంగా రావడం లేదని పాఠం చెప్పేటప్పుడు కూడా తీసేసేది. ఇరవై రెండు గంటలు కాస్తా పదిహేనుకి పడిపోయాయి. తొమ్మిదో ట్రే పంటికి కూర్చోలేదు. మళ్లీ కొలతలు, మళ్లీ మొదటి నుంచి. ఏడాదన్నారు, రెండేళ్లయినా ఇంకా అవుతూనే ఉంది. తప్పు ఆవిడది అనను. రోజుకి ఆరు పీరియడ్లు గొంతు చించుకునే ఉద్యోగానికి, ఇరవై రెండు గంటల నియమానికి పొసగడం కష్టం.

నా పాఠం మరీ పంటితో ముడిపడింది. త, థ, ద, ధ, న అన్నీ దంత్యాలే, నాలిక పంటికి తగిలితేనే పలుకుతాయి. తెలుగులో ఇంకొకటుంది. "చిలక"లో చ వేరు, "చాప"లో చ వేరు. "జిల్లేడు"లో జ ఒకటి, "జున్ను"లో జ ఇంకొకటి. చాప, జున్ను అనేటప్పుడు నాలిక కొన ముందుపళ్ల వెనక్కి వచ్చి తగలాలి. ఆరో తరగతి పిల్లలకి ఈ తేడా నోటితో పలికించి నేర్పుతాను. పుస్తకంలో రెండిటికీ అక్షరం ఒకటే, కాబట్టి టీచరు నోరే వాళ్లకి పుస్తకం. పళ్ల వెనక ప్లాస్టిక్కు అడ్డముంటే మొదట కొన్నాళ్లు ఈ శబ్దాలన్నీ జారతాయి. చాలామందికి అలవాటైపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ కొన్నాళ్లు నేను ఎవరి ముందు నిలబడాలో కూడా చూసుకోవాలి కదా.

ఇవన్నీ మనసులో పెట్టుకుని బ్రాడీపేట వెళ్లాను. డాక్టరుగారికి అరవై దాటి ఉంటాయి. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేయకముందే ఒకటే అడిగారు. "అమ్మా, ఈ పళ్లతో మీకు వచ్చిన ఇబ్బందేమిటి?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. నమలడానికి ఇబ్బంది లేదు. దవడ నొప్పి లేదు. పెదవి, బుగ్గ కొరుక్కోవడం లేదు. కింద పళ్ల మధ్య గోంగూర పీచు ఇరుక్కుంటుంది, బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తుంది అన్నాను. అప్పుడు లైటు వేశారు. గీతలున్న సన్నటి పుల్ల ఒకటి తీసి పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించుతూ అంకెలు చెబుతుంటే, పక్కన సిస్టర్ రాసుకుంటోంది. మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు. కింద ముందుపళ్ల దగ్గరికి వచ్చేసరికి ఐదు, ఐదు, నాలుగు. అవి మిల్లీమీటర్లు. మూడు లోపుంటే సరే, అది దాటితే చిగురు పంటిని వదిలేస్తోందని అర్థమట. "మీ పన్ను వంకర కంటే ఈ ఐదు నాకు ముఖ్యం. చిగురు ఇలా ఉండగా పన్ను కదిపితే ఉన్న ఎముక కూడా పోతుంది. ముందు ఇది చూద్దాం, ఆ సంగతి మూడు నెలల తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

రెండు సిట్టింగుల్లో చిగుళ్ల లోపల దాకా గార తీశారు. మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి లేదు. తర్వాత నాలుగు రోజులు చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంది. రెండిటికీ కలిపి మూడున్నర వేలు తీసుకున్నారు. ఇంటికి పంపే ముందు సిస్టర్ అద్దం నా చేతికిచ్చి, సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే బుల్లి బ్రష్‌ని మెలి తిరిగిన పళ్ల సందుల్లో ఎటువైపు నుంచి దూర్చాలో పంటి పంటికీ చూపించింది. మూడో సందులో నేరుగా పోదు, కొంచెం వంచి లోపలి నుంచి పెట్టాలి. నాకు వచ్చేదాకా వదల్లేదు, ఆ అమ్మాయి ఓపికకి దండం. వంకర పళ్లున్నవాళ్లకి సందు సందుకీ దారి వేరు. నలభై రెండేళ్లుగా ఆ దారి నాకు ఎవరూ చెప్పలేదు.

మూడు నెలలకి మళ్లీ పుల్ల దించారు. ఐదులు మూడుకి దిగాయి, ఒక్కచోట నాలుగు. రక్తం లేదు. ఇప్పుడు కావాలంటే పళ్లు సరిచేయవచ్చు, వయసు అడ్డం కాదన్నారు. పన్ను ఎముకలో మేకులా దిగేసి ఉండదట. చుట్టూ నారల పొర ఉంటుంది. ఒకవైపు ఒత్తిడి పెడితే ఆ పక్క ఎముక కరిగి, వెనక పక్క కొత్తది పోసుకుంటుంది. చిగుళ్లు గట్టిగా ఉంటే యాభైలో అయినా పన్ను కదులుతుంది. లాభం కూడా చెప్పారు. కింద పళ్లు శుభ్రం చేసుకోవడం తేలికవుతుంది, చూడ్డానికి బాగుంటుంది.

తర్వాత రెండో వైపు కూడా విప్పి చెప్పారు. నాకు చోటు కావాలంటే పళ్ల పక్కల సన్నటి గరుకుపట్టీతో అర మిల్లీమీటరు లోపు అరగదీయాలి. హద్దులో చేస్తే పంటికి హాని లేదు గానీ పోయిన ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, తిరిగి రాదు. ఏళ్ల తరబడి ఇరుక్కున్న పళ్లని నిటారుగా చేస్తే చిగురు దగ్గర ముక్కోణంలా నల్లటి ఖాళీలు కనపడే అవకాశం నా వయసులో ఎక్కువ. వేరు కొసలు కొద్దిగా కురచయ్యే అవకాశమూ ఉంది. అన్నిటికంటే పెద్దది, ట్రీట్‌మెంట్ అయ్యాక పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునే రిటైనర్. "ఎన్నాళ్లు పెట్టుకోవాలండీ?" అని అడిగాను. "ఎన్నాళ్లు వరస నిలవాలనుకుంటే అన్నాళ్లు" అన్నారు. క్లిప్పులు ఎప్పుడూ వేయించుకోనివాళ్లకి కూడా వయసుతో పాటు కింద ముందుపళ్లు ఇరుకవుతూనే ఉంటాయట. జ్ఞానదంతం వెనక నుంచి తోస్తుందని మా అమ్మ నమ్మకం, నాదీ అదే. అది కారణం కాదని పరిశోధనల్లో తేలిపోయిందని ఆయన చెప్పారు.

ఏం చేయమంటారని అడిగితే సలహా ఇవ్వలేదు. "రెండూ సరైనవే. పన్ను మీది" అన్నారు. పళ్లు సరిచేస్తే ఆయనకి ఆదాయం. అయినా ఆ గది లోపల గంటకి పైగా కూర్చోబెట్టి, చేయకపోతే వచ్చే నష్టమెంత, చేస్తే వచ్చే నష్టమెంత సమానంగా చెప్పిన మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు. ఫీజు మూడు వందలు.

ఇంటికొచ్చి రెండు వారాలు ఆలోచించాను. మా అమ్మాయి ఫోనులో వెతికి ఫ్రెడ్డీ మెర్క్యురీ గురించి చెప్పింది. జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, మన పంచగనిలో చదువుకుని, లండన్‌లో అంత పెద్ద గాయకుడైన మనిషి. పై దవడలో నాలుగు పళ్లు ఎక్కువుండి ముందుపళ్లు పొడుచుకొచ్చినా, సరిచేయిస్తే గొంతు మారిపోతుందేమోనని ముట్టుకోనివ్వలేదట. ఆ భయం నాకు బాగా అర్థమైంది. జపాన్‌లోనైతే నాకున్నలాంటి కోరపన్నుకి యాయెబా అని ఒక పేరే ఉంది, ముద్దుగా ఉంటుందని అనుకుంటారు. 2011 ప్రాంతంలో టోక్యోలో కొందరు అమ్మాయిలు డబ్బిచ్చి మరీ అలా కనపడే తొడుగులు అంటించుకున్నారు. ఇక్కడ తీయించుకోమన్నదే అక్కడ పెట్టించుకుంటున్నారంటే, అందం సంగతి ఊరిని బట్టి ఉంటుందన్నమాట.

నేను వద్దనుకున్నది భయంతో కాదు, డబ్బు లేక కూడా కాదు. నాకున్న అసలు ఇబ్బంది చిగుళ్లది, అది తగ్గింది. మిగిలినది కనపడే వరస ఒక్కటే. దాని కోసం కొన్నాళ్లు మాట తడబడడం, తర్వాత జీవితాంతం రాత్రిపూట రిటైనర్, ఆరోగ్యంగా ఉన్న ఎనామెల్ గీయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పద్యం చదివేటప్పుడు ఏ అక్షరానికి నాలిక ఎక్కడ ఆనాలో ఈ పళ్లతోనే నేర్చుకుంది. ఆ చోట్లు నాకు కావాలి.

ఇది చదివి పిల్లలకి క్లిప్పులు మానేయకండి, దయచేసి. మా అమ్మాయికి వేయించినందుకు ఒక్కరోజు కూడా చింతించలేదు. పెద్దవాళ్లలో కూడా పన్ను చిగురుకి గుచ్చుకుంటున్నా, నమిలితే ఒకటే పంటి మీద బరువు పడి అరిగిపోతున్నా, ఎంత కష్టపడినా శుభ్రం కాకపోయినా చేయించుకోవాలి. నవ్వడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేంత బాధ ఉంటే అది కూడా కారణమే, చిన్నది కాదు. కాకపోతే కుర్చీలో కూర్చోబెట్టి చూసే డాక్టరు ఉండాలి. అమెరికాలో ఇంటికే కొలతల డబ్బా పంపి ట్రేలు అమ్మిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ కంపెనీ 2023 డిసెంబరులో మూతపడితే, ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్నవాళ్లు అడిగే దిక్కు లేక మిగిలిపోయారు.

క్లినిక్‌లో లోపాలూ ఉన్నాయి. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులవాళ్లని తీసుకెళ్లడం కష్టం. ఐదింటికి రమ్మంటే ఆరుంబావుకి పిలిచిన రోజులున్నాయి. రెండు దవడల పళ్లన్నీ ఒకేసారి కనపడే ఓపీజీ ఎక్స్‌రే అక్కడ లేదు, బయట స్కానింగ్ సెంటర్లో తీయించుకుని రావాలి. కార్డు తీసుకోరు, ఫోన్‌పే లేదా నగదు. తెనాలి వైపు వెళ్లేవాళ్లు సాయంత్రం చివరి పేషెంటుగా పడితే బండి దొరకడం ఇబ్బంది, కాబట్టి పొద్దున పదకొండు లోపు తీసుకోండి. పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ఆ ఒక్కటీ మెట్లకీ, ఆలస్యంగా పిలిచినందుకూ తగ్గించాను.

పోయినసారి వెళ్లినప్పుడు నా ఫైల్లో ఆయన రాసింది చూశాను. "కోరపన్ను: పేషెంటు ఉంచుకుంటారు. చిగుళ్లు ఆరు నెలలకోసారి." వచ్చే అక్టోబరులో వెళ్లాలి. మూడో సందు బ్రష్ అరిగిపోయింది, కింద షాపులోనే కొత్తది తీసుకోవాలి.