త్రీనాట్‌త్రీ నుంచి ఇన్సాస్ దాకా: 38 ఏళ్లు మోసిన తుపాకులు

1983లో స్పెషల్ పోలీస్ కానిస్టేబుల్‌గా చేరినప్పుడు నా చేతికిచ్చిన రైఫిల్ నాకంటే 18 ఏళ్లు పెద్దది. బట్ (భుజానికి ఆనించే కర్ర భాగం) మొదట్లో ఇనుము మీద కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జి రాజు, చక్రవర్తి) అనే అక్షరాలు, ఆ కింద 1943. రాజు పోయాడు, రాజ్యం పోయింది, ఒక్కో తూటా చేత్తో ఎక్కించి కాల్చే ఆ .303 రైఫిల్, త్రీనాట్‌త్రీ మాత్రం డ్యూటీ దిగలేదు. 2021లో ఆర్‌ఎస్‌ఐగా (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్) రిటైరైన రోజు నేను అప్పజెప్పింది మన దేశంలో తయారైన చిన్న తూటా రైఫిల్ ఇన్సాస్. మధ్యలో చాలా ఏళ్లు ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), కొన్నాళ్లు ఏకే. పదేళ్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గది) ఆర్మరర్ పని, అంటే తుపాకుల మరమ్మతు కూడా చేశాను కాబట్టి, నా రైఫిల్ ఒక్కటే కాదు, బెటాలియన్‌లో సగం మంది రైఫిళ్ల రోగాలు నాకు తెలుసు.

కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు. పాతదానికి గురి ఎక్కువా, కొత్తదానికా అని. నా దగ్గర ఒక లాంగ్‌సైజు నోటుబుక్కు ఉంది. ఫైరింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ రైఫిల్ నంబరు చివరి రెండంకెలు, దూరం, ఐదు తూటాల గ్రూపు (బెజ్జాలు ఎంత మేర చెదిరాయో, ఎంత చిన్నదైతే అంత గురి) ఎన్ని అంగుళాలు వచ్చిందీ రాసుకున్నాను. స్కేలు లేనప్పుడు అగ్గిపెట్టెతో కొలిచాం, దాని పొడవు సుమారు రెండంగుళాలు. ఇక్కడ చెప్పేవన్నీ ఆ పుస్తకంలోవే. 100 గజాలు, బోర్లా పడుకుని, స్లింగ్ (తుపాకీ పట్టీ) చేతికి చుట్టుకుని కాల్చినవి.

ఆ లెక్క ప్రకారం నా జీవితంలో మంచి గ్రూపు త్రీనాట్‌త్రీదే. 1986లో రెండున్నర అంగుళాలు. మామూలు రోజున మూడు. ఎస్సెల్లార్‌తో నాలుగుకి కాస్త అటూ ఇటూ. ఇన్సాస్‌తో మూడు, మూడున్నర. ఏకేతో ఆరు దాటకపోతే ఆ రోజు టీ నేనే తాగించేవాణ్ణి.

ఇంతవరకు చదివి పాతదే గొప్పదని తేల్చేయకండి. అదే పుస్తకంలో 2003 నాటి పేజీ ఉంది. అదే 1943 రైఫిల్, అదే దూరం, ఐదంగుళాల గ్రూపు. రైఫిల్ చెడిపోయిందనుకుని పక్కనున్న పాతికేళ్ల కుర్రాడికిచ్చాను. మూడంగుళాల్లో పెట్టేశాడు. చెడింది నా కన్ను. త్రీనాట్‌త్రీకి బ్యాక్‌సైట్ (గురి చూసే వెనక భాగం) బ్యారెల్ మీద కంటికి దూరంగా ఉండే తెరిచిన గాడి. గాడి, మూతి దగ్గరి ఫోర్‌సైట్, టార్గెట్, మూడూ ఒకేసారి కనబడాలంటే కుర్రకళ్లు కావాలి. ఎస్సెల్లార్‌కీ ఇన్సాస్‌కీ గాడి బదులు కంటికి దగ్గరగా చిన్న రంధ్రం ఉంటుంది. రంధ్రం సంగతి కన్నే చూసుకుంటుంది, మనం ఫోర్‌సైట్ ఒక్కటి చూసుకుంటే చాలు. నలభై దాటాక నా గురిని కాపాడింది కొత్త తూటా కాదు, ఆ రంధ్రం. గురి గురించి మాట్లాడేటప్పుడు అందరూ బ్యారెల్ సంగతే ఎత్తుతారు. నన్నడిగితే సైటూ ట్రిగ్గరూ ముందు, బ్యారెల్ తరవాతే.

ట్రిగ్గర్ విషయంలో త్రీనాట్‌త్రీకి సాటి లేదు. మొదటి లాగుడు వదులుగా వస్తుంది, ఒకచోట ఆగుతుంది. అక్కడ ఊపిరి బిగబట్టి ఇంకాస్త నొక్కితే పుల్ల విరిగినట్టు తెగుతుంది. ఎప్పుడు పేలుతుందో వేలికి తెలుస్తుంది. పైగా ప్రతి తూటాకీ బోల్టు (తూటాని లోపలికి తోసే కడ్డీ) వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి కాబట్టి మనిషి తనకు తెలియకుండానే మళ్లీ కుదురుకుంటాడు. ఎస్సెల్లార్ ట్రిగ్గర్ తడిసిన అట్టను నొక్కినట్టుంటుంది. ఇన్సాస్‌ది బరువు. కొత్తవాళ్లు ట్రిగ్గర్‌ను నొక్కరు, గుంజుతారు. రైఫిల్ మూతి కుడి కిందికి పోతుంది, టార్గెట్ల దగ్గర మార్కులు చూపే బట్ పార్టీ ఎర్రజెండా ఊపి వాషౌట్, అంటే అసలు తగల్లేదని చూపిస్తుంది.

అయితే అన్ని త్రీనాట్‌త్రీలూ ఒకటి కావు. దశాబ్దాల తరబడి చిందీ (తుడిచే గుడ్డముక్క) వేసి గుంజీ గుంజీ బ్యారెల్ లోపలి గాళ్లు అరిగిపోయినవి మా దగ్గర చాలా ఉండేవి. వాటితో కాలిస్తే తూటా అడ్డంగా తిరిగి టార్గెట్‌లో తాళంచెవి రంధ్రం ఆకారంలో బెజ్జం పడేది. బోల్టుల గొడవ ఇంకోటి. బోల్టు మీది నంబరు, రైఫిల్ నంబరు ఒకటే ఉండాలి. తుడిచేటప్పుడు అన్నీ ఒకే గుడ్డ మీద పరిచి ఎవరికి దొరికింది వాళ్లు తగిలించేవాళ్లు. ఆర్మరర్‌గా నా మొదటి నెలంతా ఎవరి బోల్టు ఎవరికి పోయిందో వెతకడంతోనే సరిపోయింది. వర్షాకాలంలో కర్ర నీరు పీల్చి ఉబ్బితే గ్రూపు చెదరదు గానీ మొత్తంగా ఓ పక్కకి జరిగిపోతుంది. పాత రకం తూటాలు కాల్చిన రోజైతే సాయంత్రం బ్యారెల్‌లో సలసలా కాగిన నీళ్లు పోసి కడగాలి. బద్ధకించి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

నా పరువు పోయిన రోజు కూడా చెప్పాలి. 1988 వార్షిక ఫైరింగ్‌లో రాపిడ్, అంటే టైము పెట్టి గబగబా కాల్చడం. పది తూటాల మ్యాగజైన్‌ని ఐదేసి తూటాల క్లిప్పులతో పైనుంచి నింపాలి. త్రీనాట్‌త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు కూర్చోవాలి, వెనక పడితే ఇరుక్కుంటుంది. నాకు తొందరలో వెనక పడింది. బోల్టు ముందుకు కదల్లేదు. నాలుగు తూటాలు మిగిలిపోయాయి. ఐదు నిమిషాల ముందు బుల్ (టార్గెట్ నడిమధ్య) మీద బుల్ కొట్టిన చేతికే ఆ రాపిడ్‌లో సున్నకి కాస్త పైన మార్కులు. రేంజ్‌లో తీరిగ్గా వచ్చే గ్రూపుకీ, టెన్షన్‌లో చేసే పనికీ ఉన్న దూరం నాకు అక్కడ తెలిసింది.

ఎస్సెల్లార్ వచ్చాక ఆ బాధ పోయింది. ఇరవై తూటాల మ్యాగజైన్, ట్రిగ్గర్ నొక్కితే మళ్లీ తనే నింపుకుంటుంది. 300 గజాల్లో దానికున్న నిబ్బరం నేను ఇంకే రైఫిల్‌లోనూ చూడలేదు. గాలి వీచినా తూటా పెద్దగా పక్కకి పోదు. కానీ దాని గుట్టు ఆర్మరర్‌కే తెలుస్తుంది. బ్యాక్‌సైట్ ఉండేది కింది భాగం మీద, బ్యారెల్ ఉండేది పై భాగానికి. రెండింటినీ కలిపేది ఒక కీలు, ఒక లాక్. తుడవడానికి తలుపులా తెరిచి, మూసి, తెరిచి, మూసి ఏళ్లు గడిస్తే ఆ కీలు వదులవుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే కటకటమంటుంది. ఇక ఎన్నిసార్లు జీరో చేసినా (సైటుని తూటా పడే చోటికి సరిచేసినా) నిలవదు. నిన్న బుల్ కొట్టిన రైఫిల్ ఇవాళ ఔటర్ (అంచు వలయం) కొడుతుంది. మనిషిని తిట్టేముందు రైఫిల్‌ని ఊపి చూడండని ఎంతమంది అధికారులకు చెప్పానో. పేలిన తూటా గ్యాసే మళ్లీ నింపుతుంది కాబట్టి, ఆ గ్యాస్ సర్దుబాటు ఇంకో పెద్ద విద్య. గ్యాస్ తక్కువైతే ఖాళీ కేసు (తూటా పోగా మిగిలే గొట్టం) ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం కమిలిపోతుంది. కేసు సరిగ్గా ఎగిరిపడే చోటు చూసుకుని అక్కణ్నుంచి ఇంకో రెండు గీతలు బిగించాలి. ఈ మాట చెప్పని ఉస్తాద్ లేడు, మొదటిసారే సరిగా చేసిన కుర్రాడూ లేడు.

ఖాళీ కేసులంటే గుర్తొచ్చింది. పోలీసుకి తూటా ఎంత ముఖ్యమో దాని ఖాళీ కేసూ అంతే ముఖ్యం. ఎన్ని కాల్చామో అన్నీ లెక్కపెట్టి అప్పజెప్పాలి. త్రీనాట్‌త్రీ అయితే బోల్టు నెమ్మదిగా లాగి కేసు చేతిలోకి తీసుకోవచ్చు. ఎస్సెల్లార్ దాన్ని గడ్డిలోకి విసిరేస్తుంది. ఒక్క కేసు కోసం ముప్పైమందిమి పొద్దుగూకేదాకా మోకాళ్ల మీద వెతికిన రోజుంది. వాడకం అంటే ఇది కూడా.

ఇన్సాస్‌కి చెడ్డపేరు చాలా ఉంది. 1999లో కార్గిల్ చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని పేపర్లలో వచ్చింది. మా ఎండల్లో ఆ బాధ పడలేదు గానీ, సిమెంటు గచ్చు మీద జారిపడి అంచు చిట్లిన మ్యాగజైన్లు రెండు మూడు పక్కన పెట్టించాను. ఒక్క నొక్కుకి మూడు తూటాలు పోయే బర్స్ట్ మాత్రం నాకు ఏనాడూ అక్కరకు రాలేదు. మొదటిది ఛాతీకి తగిలితే మూడోది టార్గెట్ తలమీదుగా పోతుంది. 300 గజాల్లో ఏప్రిల్ గాలి వీచిందంటే దాని చిన్న తూటాని గట్టుదాకా తోసుకుపోతుంది.

ఇన్ని చెప్పినా, మళ్లీ డ్యూటీకి పంపి ఏది కావాలంటే ఇన్సాసే తీసుకుంటాను. పేల్చినప్పుడు భుజానికి దెబ్బ లేదు. త్రీనాట్‌త్రీ బట్‌కి ఇత్తడి పలక ఉంటుంది. ట్రెయినింగ్‌లో చొక్కా కింద తువ్వాలు మడిచి పెట్టుకుని కూడా భుజం నల్లగా కమిలేది. దెబ్బకి భయపడి కళ్లు మూసుకుని కాల్చే కుర్రాళ్లు ఇన్సాస్ పట్టిన వారానికే కళ్లు తెరిచారు. నేను నేర్పిన బ్యాచ్‌లలో గ్రూపులు తగ్గింది రైఫిల్ వల్ల కాదు, ఆ భయం పోవడం వల్ల. తూటాల బరువు చూడండి. ఎస్సెల్లార్‌వి వంద అంటే దాదాపు రెండు కిలోల నాలుగొందల గ్రాములు, ఇన్సాస్‌వి అందులో సగం. మ్యాగజైన్ లోపలిది బయటికి కనబడుతుంది కాబట్టి గార్డు మారేటప్పుడు తూటాలు విప్పి లెక్కపెట్టే పని తగ్గింది. అన్నిటికంటే ముఖ్యం పొడవు. ఎన్నికల డ్యూటీకి బీహార్ వెళ్లాం. త్రీనాట్‌త్రీతో ఒకసారి, ఇన్సాస్‌తో ఒకసారి. 44 అంగుళాల పైచిలుకు తుపాకీని నడుముకి చైన్ వేసి కట్టుకుని స్లీపర్ బెర్తులో ఒత్తిగిలి పడుకున్నవాడికి, 38 అంగుళాల విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఏకే గురించి రెండు ముక్కలే. బురదలో ముంచినా పనిచేస్తుంది, వంద గజాల లోపల భరోసా. దానితో గ్రూపు కొలవడం గేదెతో పందెం కట్టడం.

రిటైరయ్యాక తుపాకీ ముట్టనని అనుకున్నాను. మనవరాలు హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఆట. అక్కడ పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. కింద సిలిండర్‌లో గాలి నింపుతారు, అర గ్రాము తూగే పెల్లెట్, దెబ్బ అనేదే తెలియదు. జీపులో వేసుకెళ్లేది కాదు, వానలో తడిసేది కాదు, పెట్టెలో పడుకుని పెట్టెలోనే లేచే రైఫిల్. మొన్న పట్టుకోమని ఇచ్చింది. షూటింగ్ జాకెట్ లేకుండానే నిలబడ్డాను. రంధ్రంలోంచి చూశాను, ఫోర్‌సైట్ కుదురుతోంది, అలవాటు ప్రకారం మొదటి లాగుడు కోసం వేలు ఆనించానో లేదో, టిక్ మంది. అప్పటికి ఊపిరి కూడా బిగబట్టలేదు.

స్క్రీన్ మీద 6.3 అని వచ్చింది.

"తాతయ్యా, అది గుంజేది కాదు, తలుచుకుంటే చాలు" అంది.

పుస్తకంలో చివరి పేజీలో రాసుకున్నాను. రైఫిల్ నంబరు లేదు, 10 మీటర్లు, 6.3, ట్రిగ్గర్ మీద వేలు తొందరపడింది.