‘అబ్బా’ అంటే మోకాలి నొప్పే గుర్తొచ్చింది: సెంటరింగ్ ప్రేయర్‌తో ఆరేళ్లు

ముందే చెప్పేస్తాను, మనశ్శాంతి కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఈ సమీక్ష కాస్త నిరుత్సాహంగా ఉంటుంది. ఆరేళ్లుగా రోజూ పొద్దున ఇరవై నిమిషాలు, కుదిరితే సాయంత్రం ఇంకో ఇరవై, కళ్లు మూసుకుని ఏమీ అడక్కుండా దేవుని ముందు కూర్చుంటున్నాను. సెంటరింగ్ ప్రేయర్ అనే క్రైస్తవ మౌన ప్రార్థన ఇది. శాంతి ఎప్పుడో ఒకసారి వస్తుంది, కాఫీ తాగేలోపు వెళ్లిపోతుంది. నాకు నికరంగా దొరికింది నా కోపం ఎక్కడ మొదలవుతుందో కనపడటం. అదేమంత సుఖమైన సంగతి కాదు.

మాది బాప్టిస్టు కుటుంబం. ప్రార్థన అంటే నోరు తెరిచి చేసేదే, కూడికలో అందరూ ఒక్కసారి గొంతెత్తితే వీధి చివరిదాకా వినపడాల్సిందే. మా అమ్మ మోకాళ్ల మీద కూర్చుని పేరుపేరునా చుట్టాలందరినీ దేవునికి అప్పజెప్పేది, పడనివాళ్లతో సహా. అదంతా నాకూ ఇష్టమే, ఇప్పటికీ చేస్తాను. కానీ నేను బ్యాంకు కౌంటర్లో పనిచేస్తాను, రోజంతా జనం దగ్గర ఫారాలు తీసుకుని సాయంత్రం ఇంటికొచ్చి దేవుడికి నా ఫారం ఇస్తున్నట్టు అనిపించడం మొదలైంది. ఆ విసుగులో ఉండగా ఒక క్యాథలిక్ స్నేహితురాలు దీని గురించి చెప్పింది.

దీనికి ఇప్పుడున్న రూపం 1970ల్లో వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని స్పెన్సర్ దగ్గర ట్రాపిస్టు (మౌనానికి పెద్దపీట వేసే క్యాథలిక్ సన్యాసుల) మఠం ఉంది, అక్కడి సన్యాసులు విలియం మెనింగర్, బేసిల్ పెన్నింగ్టన్, థామస్ కీటింగ్ కలిసి మామూలు జనానికి నేర్పడానికి వీలుగా తయారుచేశారు. అసలు సరుకు పాతదే, 14వ శతాబ్దంలో పేరు చెప్పుకోని ఒక ఇంగ్లీషు రచయిత రాసిన పుస్తకం నుంచి తీసుకున్నారు. పద్ధతి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఒక చిన్న మాట ఎంచుకోవాలి, కూర్చుని ఆ మాటని మనసులో మెల్లగా అనుకోవాలి. ఏదో ఆలోచన వెంట పోతున్నామని తెలిసినప్పుడల్లా మళ్లీ ఆ మాట దగ్గరికి రావాలి. టైమర్ మోగాక వెంటనే లేవకుండా ఒక రెండు నిమిషాలు అలాగే ఉండాలి. ఇది జపం కాదు, మాటని ఆపకుండా అనక్కర్లేదు. జాన్ మెయిన్ అనే బెనెడిక్టు సన్యాసి నేర్పిన ధ్యానంలో ‘మరనాత’ (ప్రభువా, రా) అని మొదటినుంచి చివరిదాకా అంటూనే ఉంటారు, అది వేరు. నేను రెంటినీ కలిపేసి మొదటి మూడు నెలలు పాడుచేసుకున్నాను.

మాట ఎంచుకోవడం దగ్గర నాకు జరిగింది చెప్పాలి. బైబిల్లో ‘అబ్బా, తండ్రీ’ అని ఉంది కదా (అరామిక్ భాషలో అబ్బా అంటే తండ్రి) అని అబ్బా పెట్టుకున్నాను. ఆ మాట ఇంగ్లీషువాళ్లకి ఎలా వినపడుతుందో గాని, తెలుగువాళ్లకి అది మోకాలు పట్టేసినప్పుడు అనే మాట! నాలుగో రోజు కాలు తిమ్మిరెక్కి నిజంగానే ‘అబ్బా’ అన్నాను, పక్కగదిలోంచి మా అత్తయ్య ‘ఏమైందమ్మా’ అని పరిగెత్తుకొచ్చింది. తర్వాత ‘నాయనా’కి మార్చాను. మా నాన్నని నేను నాయనా అనే పిలిచేదాన్ని. ఆ మార్పు ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పుడు తెలీదు.

మొదటి ఏడాది దాదాపు నిద్రపోయాను. నిద్ర రాని రోజున చీటీ డబ్బులు, పాప స్కూలు ఫీజు, పాల ప్యాకెట్లు బయటే ఉన్నాయన్న కంగారు. అన్నిటికంటే ఎక్కువగా, ముందురోజు ఎవరో అన్న మాటకి నేను అనాల్సిన జవాబు. ఆ జవాబులు ఎంత పదునుగా తయారయ్యేవో, ఎదుటివాళ్లు వినలేకపోయారే అని బాధేసేది.

ఇదంతా ఎప్పుడు పనికొచ్చిందంటే, ఒక నవంబరులో. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల, మా బ్రాంచిలో పది గంటలకే కుర్చీలు నిండిపోతాయి. ఒక పెద్దాయన పాస్‌బుక్ చేతిరుమాల్లో చుట్టి తెచ్చుకున్నాడు. వేలిముద్ర పడటం లేదు, చెవి సరిగా వినపడదు, చెప్పిందే మూడుసార్లు అడిగాడు. నా నోటిదాకా ఒక మాట వచ్చింది. సరిగ్గా అప్పుడు నా కుడిచెయ్యి కనపడింది. పక్కనున్న స్లిప్పుల మీద స్టాంప్ వేస్తున్నాను, బల్ల అదిరేలా వేస్తున్నాను, బొటనవేలి గోరు తెల్లబడిపోయింది. కోపం ఇంకా నోట్లోకి రాకముందే చేతిలో ఉంది. స్టాంప్ పక్కన పెట్టేసి, ‘నాలుగో వేలు పెట్టి చూద్దాం బాబాయ్’ అన్నాను. ఆ వేలూ పడలేదు, అది వేరే సంగతి. ఇలా ఆగగలిగింది పదిసార్లలో మూడు నాలుగు సార్లే, మిగతా అన్నిసార్లూ అరిచాకే తెలుస్తుంది.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఇగ్నేషియస్ లొయోలా పద్ధతిలో ఆత్మపరిశీలన కూడా చేస్తాను. ఆయన తర్వాత జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సభని స్థాపించాడు గాని మొదట సైనికుడు, 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, ఏ ఆలోచన తర్వాత మనసు ఎలా ఉంటోందో గమనించడం మొదలుపెట్టాడు. కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, రోజంతా ఒకసారి తిరగేయడం, క్షమాపణ, రేపటి సంగతి, అంతే. నా మట్టుకు ఇది లేకపోతే పొద్దున కూర్చున్నది ఉత్త కూర్చోవడమే. స్టాంప్ సంగతి పూర్తిగా అర్థమైంది కూడా ఆ రాత్రే.

ఇక ఇబ్బందులు. రెండో ఏడాది ఒక పొద్దున ‘నాయనా’ అనుకోగానే ఏడుపు ఆగలేదు. మా నాయన హాస్పిటల్లో ఉన్న ఆఖరి వారం నేను ఒక్క రాత్రి కూడా పక్కన లేను, మార్చి ఇయర్ ఎండింగ్ అని వంక పెట్టాను. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే, నేనే అడగలేదు. ఆయన పోయాక ఎవరితోనూ అనలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు. లోపల అణిచిపెట్టినవి ఈ ప్రార్థనలో పైకొస్తాయని కీటింగ్ చెప్పాడు, కానీ నాకు నేర్పినవాళ్లు ఆ మాట ముందు చెప్పలేదు, అది తప్పే. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా మొదలుపెట్టొద్దు, డాక్టరుతో మాట్లాడండి. మందులు మానేసి దీని మీద ఆధారపడటం అసలే వద్దు.

రెండోది సంఘం. మా పాస్టరుగారికి చెబితే, ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంట్లోకి దయ్యాలు వస్తాయన్న వాక్యం చూపించారు. నేను గది తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్న వాక్యం చూపించాను, ఇద్దరం టీ తాగి వచ్చేశాం. ఆయన భయం ఉత్తదే అనలేను. 1989లో వాటికన్ కూడా ధ్యాన పద్ధతుల గురించి ఒక లేఖ రాసింది, పద్ధతే దేవుడైపోకూడదని అందులో హెచ్చరించారు. నాలుగో ఏడాదిలో నాకు ఆ జబ్బు పట్టుకుంది కూడా, కూడికలో గట్టిగా ప్రార్థించేవాళ్లని చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. అందులో మా అమ్మ కూడా ఉంది.

మొదలుపెట్టేవాళ్లు కుర్చీలోనే కూర్చోండి, నేలమీద వీరత్వం వద్దు. టైమర్‌కి కోడికూత పెట్టుకోవద్దు, గుండె ఆగినంత పనవుతుంది. పైసా ఖర్చు లేదు. అత్తయ్యని అడిగితే నాలో ఏ మార్పూ లేదంటుంది, పొద్దున కాఫీ మాత్రం ఇరవై నిమిషాలు లేటవుతోందట.