యుద్ధకాలపు ఫోటోల్లో లారీలను గుర్తించడానికి పిక్ గ్లాస్: ఏళ్ల తరబడి వాడాక

బట్టల వ్యాపారంలో ఉన్నవాళ్లకి పిక్ గ్లాస్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు మడతలుగా ముడుచుకునే చిన్న ఇత్తడి భూతద్దం అది. అడుగున చదరపు కిటికీ, దాని అంచుల్లో స్కేలు గీతలు ఉంటాయి. బట్ట మీద నిలబెట్టి అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెడతాం. చెన్నై గోడౌన్ స్ట్రీట్‌లో నా ఉద్యోగంలో అది రోజూ చేతిలో ఉండేదే. ఇంటికొచ్చాక అదే గ్లాసుతో నేను చేసే పని వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో తీసిన ఫోటోల్లో కనిపించే మిలిటరీ లారీ ఎవరు తయారు చేసినది, ఏ మోడల్, ఏ కాలానిది అని తేలుస్తుంటాను. నగల షాపువాళ్లు వాడే లూప్, స్కానర్, ఫోన్ కెమెరా కూడా వాడాను. వాటిలో ఒక్కటే ఉంచుకోమంటే పిక్ గ్లాసే ఉంచుకుంటాను.

కారణం అద్దం కాదు, అడుగున ఉన్న స్కేలు. లూప్‌లో బొమ్మ ఇంకా బాగా కనిపిస్తుంది, కానీ దానితో కొలవలేం. లారీని గుర్తుపట్టడంలో సగం పని కొలతే. ఫోటోలో బండి అసలు పొడవు మనకు తెలియకపోవచ్చు, కానీ టైరు సైజు తెలుసుకోవచ్చు. టైరు ఎత్తుకి వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఉన్న దూరం, ఎన్ని రెట్లుందో చూస్తే చాలా మోడళ్లు అక్కడికక్కడే పక్కకి పోతాయి.

భారత సైన్యం ఫోటోల్లో తరచుగా కనిపించే సీఎంపీ లారీలనే తీసుకోండి. సీఎంపీ అంటే కెనడియన్ మిలిటరీ ప్యాటర్న్. కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు రెండూ ఒకే నమూనా మీద ఇలాంటివి నాలుగు లక్షలకు పైగా కట్టాయి. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా, ఎక్కడి ఫోటో చూసినా ఆ పొట్టి ముక్కు కనబడుతుంది. వీటిలో మూడు టన్నుల లారీ రెండు పొడవుల్లో వచ్చింది. పొట్టిదాని వీల్‌బేస్ 134 అంగుళాలు, పొడుగుదాని వీల్‌బేస్ 158. రెండింటికీ 10.50-20 టైర్లే. అంటే 20 అంగుళాల రిమ్, పైనా కిందా పదిన్నర చొప్పున టైరు, మొత్తం సుమారు 41 అంగుళాల ఎత్తు. పొట్టిది టైరుకి 3.3 రెట్లు, పొడుగుది 3.85 రెట్లు. ఫోటోలో టైరు 4 మిల్లీమీటర్లుంటే చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకి పొట్టిదానికి 13, పొడుగుదానికి 15 దాటాలి. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాని మామూలు కంటితో అంచనా వేయడం కష్టం. పిక్ గ్లాస్ కింద స్పష్టంగా దొరుకుతుంది.

అమెరికా జీఎంసీ రెండున్నర టన్నుల ఆరు చక్రాల లారీ, అంటే సీసీకేడబ్ల్యూ, దగ్గర లెక్క ఇంకా తేలిక. దాని 7.50-20 టైరు సుమారు 35 అంగుళాలు. పొడుగు మోడల్ 353 వీల్‌బేస్ 164 అంగుళాలు, పొట్టి మోడల్ 352ది 145. అంటే 4.7 రెట్లు, 4.1 రెట్లు. వెనక రెండు ఇరుసులుంటాయి కాబట్టి వాటి మధ్య బిందువు దాకా కొలవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏదో ఒక ఇరుసు దాకా కొలిచేసి తికమకపడుతుంటారు.

బండి పూర్తిగా పక్కకి తిరిగి ఉన్న ఫోటోలు తక్కువ. ఎక్కువ భాగం ఏటవాలుగా తీసినవే. అప్పుడు టైరు ఎత్తుని లెక్కలోకి తీసుకోకూడదు, అడ్డంగా దాని వెడల్పు కొలవాలి. బండి ఏటవాలుగా ఉన్నప్పుడు చక్రం గుండ్రం కోడిగుడ్డు ఆకారమవుతుంది. వీల్‌బేస్ ఎంత కుంచించుకుపోతే చక్రం వెడల్పు కూడా అంతే కుంచించుకుపోతుంది కాబట్టి నిష్పత్తి ఇంచుమించు నిలబడుతుంది. టైరు మందం, అంటే రోడ్డుకి తగిలే ముఖం, ఆ వెడల్పులో కలిసిపోకుండా చూసుకోవాలి. ముందు చక్రం తిరిగి ఉంటే దాన్ని వదిలేసి వెనక చక్రమే కొలవాలి. ఇంత జాగ్రత్త పడ్డా కొలత ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు. అది పది మోడళ్లను రెండు మూడుకి తగ్గిస్తుంది, మిగతాది ముఖం చూసి తేల్చాలి.

మా వీధిలో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన తండ్రి రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కార్ప్స్‌లో డ్రైవర్. బర్మా సరిహద్దు నుంచి తెచ్చుకున్న చిన్న ఫోటో ఒకటి వాళ్లింట్లో ఉంది. "నాన్నగారు అమెరికా లారీ నడిపారనే అనుకుంటూ వచ్చాం బాబూ, ఫోర్డ్ అని చెప్పేవారు" అన్నారు. నెగటివ్ సైజులోనే, ఆరు సెంటీమీటర్లకి తొమ్మిది, నేరుగా ముద్రించిన కాంటాక్ట్ ప్రింట్ అది. ఇలాంటి ప్రింట్ల మీద పిక్ గ్లాస్ పనితనం చూసి తీరాల్సిందే. పెద్దది చేసి ముద్రించినప్పుడు పోయే నాణ్యత ఇక్కడ పోదు, నెగటివ్‌లో ఉన్న వివరమంతా కాగితం మీద ఉంటుంది.

గ్లాసు పెట్టగానే మొదట కనిపించింది ముందు అద్దం. దాని పై అంచు ముందుకి, కింది అంచు లోపలికి వాలి ఉంది. ఇది సీఎంపీలో 13వ నంబర్ క్యాబ్, అంటే డ్రైవర్ కూర్చునే గది, గుర్తు. 1941 చివరి నుంచి యుద్ధం అయ్యేదాకా కట్టింది ఇదే. ఎండ మెరుపు తగ్గడానికి, పైన తిరిగే విమానాలకి అద్దం తళుక్కుమనకుండా ఉండడానికి అలా వాల్చారు. తర్వాత గ్రిల్. జనరల్ మోటార్స్ వాళ్ల షెవ్రొలే బండికైతే జాలీ కళ్లు డైమండ్ ఆకారంలో ఉంటాయి, ఫోర్డ్‌కి చదరంగా ఉంటాయి. ఇక్కడ చదరాలే. స్టీరింగ్ కుడివైపు. కొలత చూస్తే టైరుకి 3.8 రెట్లు. బానెట్ పక్కన నంబరు ముందు ఎల్ అక్షరం. బ్రిటిష్ పద్ధతిలో ఒక టన్నుకి పైబడిన లారీలకి ఎల్, అంతకంటే చిన్నవాటికి జెడ్ వేసేవారు. "బాబాయ్‌గారూ, నాన్నగారు చెప్పింది నిజమే, ఫోర్డే. కాకపోతే కెనడాలో కట్టిన మూడు టన్నుల పొడుగు లారీ అండీ" అన్నాను. ఆయన వెంటనే గ్లాసు అడిగి తీసుకుని ఆ జాలీ కళ్లు తనే చూశారు. చూపించగలగడం నాకు చాలా ముఖ్యం. స్క్రీన్ మీద నేను గీతలు గీసి చెబితే నా మాట నమ్మాలి, గ్లాసులో అయితే ఎవరికి వారే చూసుకోవచ్చు.

ఇది పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చయిన ఫోటోల మీద దీని ఉపయోగం బాగా తక్కువ. న్యూస్‌ప్రింట్ మీద బొమ్మ అంగుళానికి 65 నుంచి 85 చుక్కల వరసలతో అచ్చవుతుంది. పెద్దది చేస్తే లారీ కనపడదు, చుక్కలు కనపడతాయి. గ్రిల్ జాలీ ఆ చుక్కల్లో కలిసిపోయి చదరమో డైమండో తేలదు. మంచి ఆర్ట్ పేపర్ మీద 133, 150 వరసలుంటాయి కాబట్టి కొంత నయం. అచ్చు బొమ్మల్లో నేను కొలత వరకే నమ్ముతాను.

రంగుల విషయంలో ఏ గ్లాసూ సాయం చేయదు. అప్పట్లో సైనికులు సొంత కెమెరాల్లో వేసుకున్న కోడాక్ వెరిక్రోమ్ లాంటి ఫిల్ములు ఎరుపుని పట్టుకోలేవు, ఎరుపు నల్లగా పడుతుంది. ఐదో భారతీయ డివిజన్ గుర్తు నల్ల చదరంలో ఎర్రటి గుండ్రం. అలాంటి ఫిల్ము మీద అది మొత్తం నల్ల చదరంగానే ఉండిపోతుంది. కాబట్టి ముందు కొన మీద ఖాళీ నల్ల పలక కనిపిస్తే అక్కడ గుర్తు లేదని అనుకోకండి. నెగటివ్ తిరగేసి ముద్రించిన ఫోటోలు కూడా తరచుగా తగులుతాయి. స్టీరింగ్ వైపు చూసే ముందు నంబరు ప్లేటు, సైనికుల చొక్కా గుండీలు ఏ వైపున్నాయో చూడండి.

అమెరికా బళ్లకి బానెట్ మీద నంబరు చదవగలిగితే చాలా పని అయిపోతుంది. జీపు, ముప్పావు టన్ను డాడ్జ్ లాంటి తేలిక బళ్లకి 2తో, రెండున్నర టన్నుల తరగతికి 4తో మొదలవుతుంది. అస్సాం నుంచి బర్మాలోకి యుద్ధంలో వేసిన లెడో రోడ్డు ఫోటోల్లో వరసగా నిలబడ్డ జీఎంసీలని ఇలాగే విడదీశాను. గుడ్డ పైకప్పు క్యాబ్ ఉంటే 1943 నుంచి కట్టిన బండి అన్నది అదనపు ఆధారం.

ఫోటో పెద్దది చేసి పదును పెట్టే ఏఐ యాప్‌ల గురించి గట్టిగానే చెబుతాను: గుర్తింపు పనికి వాటిని వాడొద్దు. అవి లేని వివరాన్ని సొంతంగా గీస్తాయి. మసకగా ఉన్న గ్రిల్‌ని అందమైన జాలీగా మార్చేస్తాయి, అది ఆ బండి జాలీ కాదు. ఒక కుటుంబం దగ్గరున్న ఏకైక ఆధారాన్ని అలా పాడుచేయడం నాకు బాధగా ఉంటుంది. స్కానర్ మాత్రం మంచిదే. 1200 డీపీఐలో స్కాన్ చేసి దాచుకుంటే ఫోటో మళ్లీ మళ్లీ ముట్టుకోవాల్సిన పని తప్పుతుంది.

వాడకంలో నాకు ఎదురైన ఇబ్బందులు రెండు. మడత కీళ్లు కొన్నాళ్లకి వదులవుతాయి, అప్పుడు అద్దం కాస్త వాలి కొలత తేడా వస్తుంది. చిన్న స్క్రూ బిగిస్తే సరిపోతుంది. చెన్నై గాలి తేమకి అద్దం మీద బూజు తీగలు పడతాయి. మూత బిగువైన డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచాక ఆ బాధ తగ్గింది. ఇత్తడి అంచుని పాత ఫోటో మీద నేరుగా పెట్టకండి, పైపొర గీసుకుపోతుంది. మధ్యలో పల్చటి పారదర్శక పాలిస్టర్ షీటు వేయాలి.

కొనేటప్పుడు డబ్బా మీద రాసిన పదింతలు, ముప్పై ఇంతలు నమ్మకుండా గ్లాసు ఎత్తు చూడండి. అద్దం నుంచి అడుగు దాకా ఉన్న మిల్లీమీటర్లతో 250ని భాగిస్తే ఎన్నింతలు చూపిస్తుందో సుమారుగా వస్తుంది. రెండు అంగుళాల ఎత్తున్న గ్లాసు మీద ఏం రాసినా అది ఐదింతల దగ్గరే ఉంటుంది. ఈ పనికి అంగుళం కిటికీ ఉన్న ఐదింతల గ్లాసే హాయి, చిన్న ప్రింట్లో బండి మొత్తం ఒకేసారి కిటికీలో పడుతుంది. నంబర్లు చదవడానికి అర అంగుళం కిటికీ ఉన్న పదింతలది రెండోదిగా తీసుకోవచ్చు. స్కేలు గీతలు లోహంలో చెక్కి ఉండాలి, రంగుతో ముద్రించినవి అరిగిపోతాయి. షాపులోనే స్టీలు స్కేలు పక్కన పెట్టి గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకుని తీసుకోండి.