మరిగించడమా, గడ్డకట్టించడమా?

బాక్టీరియాను అదుపు చేయడానికి వేడీ పనికొస్తుంది, చలీ పనికొస్తుంది. కానీ చలి వాటిని చాలావరకు ఆపుతుందే తప్ప చంపదు.

పోషకాలు, తేమ, 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం దొరికితే ఈ-కోలి అనే బాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒక్క కణం ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కణంలోని రసాయన చర్యలను నడిపే ఎంజైములు మందగించి ఈ జోరు దాదాపు ఆగిపోతుంది. లిస్టీరియా అనే మరో బాక్టీరియా మాత్రం మొండిది, అక్కడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. మైనస్ 18 దగ్గర దాని ఆటా కట్టే. నీరు మంచుగా మారి కణాలకు అందదు. కొన్ని చస్తాయి, మిగిలినవి మంచు కరగగానే మళ్లీ మొదలుపెడతాయి. ప్రయోగశాలల్లో బాక్టీరియాను ఏళ్ల తరబడి సజీవంగా దాచేది మంచు దెబ్బ నుంచి కణాలను కాపాడే గ్లిసరాల్ ద్రవం కలిపి మైనస్ 80 డిగ్రీల్లోనే మరి!

మరిగే నీటిలో ప్రోటీన్ల ఆకృతి చెడి మామూలు కణాలు త్వరగా చస్తాయి. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు) మాత్రం 100 డిగ్రీలకు లొంగవు. అలాంటి వాటి కోసమే ఆటోక్లేవ్ అనే అధిక పీడన ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల ఆవిరిని కనీసం 15 నిమిషాలు పట్టిస్తారు. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా ఆహారంలో వదిలిన విషమైతే, కణాలు చచ్చినా మిగిలే ఉంటుంది, మరిగించినా పోదు. ముందే చల్లబరిస్తే అది తయారే కాదు కనుక, ఈ ఒక్క విషయంలో నా ఓటు ఫ్రిజ్‌కే.