మొదటి రోజు రేంజ్‌కి: స్ప్రింగ్ గన్నా, పీసీపీనా?

ఎయిర్ రైఫిల్ కొనాలనుకునే మా కర్నూలు, అనంతపురం కుర్రోళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. "అన్నా, స్ప్రింగ్ గన్ తీసుకునేదా, పీసీపీ తీసుకునేదా?" స్ప్రింగ్ గన్ అంటే లోపలి స్ప్రింగ్ బలంతో కాల్చేది, పీసీపీ అంటే ముందే నింపి పెట్టుకున్న గాలితో కాల్చేది. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదని వాళ్లకు తెలుసు. ఒక పెల్లెట్ (చిన్న సీసం గుండు) పెట్టి ఒకటే కాల్చే సింగిల్ షాట్ చాలని కూడా తెలుసు. తేల్చుకోలేనిది ఈ ఒక్కటే.

ముందు ఒక మాట. శెనగ చేలో పడే పందుల కోసమో, జొన్న మీద వాలే చిలుకల కోసమో అయితే ఈ రెండిట్లో ఏదీ కొనొద్దు. అడవిపందయినా, చిలుకయినా 1972 వన్యప్రాణి చట్టం కిందికే వస్తాయి. పైగా ఈ పెల్లెట్ పందిని చంపదు, గాయం చేసి వదిలేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా కాగితం టార్గెట్ గురించే.

పీసీపీ కాల్చడం సుఖం. గాలి సిలిండర్లో ముందే బిగించి ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కినా తుపాకి దాదాపు కదలదు. మొదటి రోజే పది మీటర్లలో అయిదు పెల్లెట్లు ఒకే చోట పడుతుంటే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. బాధంతా గాలి నింపుకోవడంలోనే ఉంది. చాలా మోడళ్లకు దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ దాని దరిదాపులకు కూడా రాదు. హై ప్రెషర్ చేతిపంపు కొనుక్కోవాలి, లేదా పెద్ద సిలిండర్ నింపి ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి. మన జిల్లాల్లో అలాంటివాళ్లు వీధికొకరు దొరకరు. ఎండాకాలంలో ఆ పంపు కొట్టి, రొప్పుతూ వెంటనే గురి చూస్తే చేయి నిలవదు. నింపిన రైఫిల్‌ను కారులో ఎండకు వదలడం కూడా మంచిది కాదు. 30 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్న గాలి 60 డిగ్రీలకు చేరితే దాదాపు 220 బార్ అవుతుంది. మే నెలలో మూసి ఉన్న కారు లోపల ఆ వేడి మామూలే. ఖర్చు చూసినా, మన దేశంలో తయారైన మంచి స్ప్రింగ్ గన్ ఇరవై వేల లోపు దొరుకుతుంది. పీసీపీకి పంపు కూడా కలిపితే దానికి రెండు మూడు రెట్లు అవుతుంది.

అయినా నేను స్ప్రింగ్ గన్ వైపు మొగ్గేది డబ్బు కోసం కాదు. పట్టు కోసం.

స్ప్రింగ్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకి వెనక్కి తంతుంది. పిస్టన్ చివర గాలి దిండును తాకి ఆగేసరికి తుపాకి మళ్లీ ముందుకు జరుగుతుంది. ఈ కదలిక మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా బ్యారెల్లోనే ఉంటుంది. అందుకే తుపాకిని మీరు ఎలా పట్టుకున్నారన్నది కాగితం మీద కనిపించిపోతుంది. ముందు చేత్తో గట్టిగా బిగిస్తే ఒక చోట, చెంప ఎక్కువ ఆనిస్తే ఇంకో చోట పడుతుంది. గట్టి బల్ల మీద నేరుగా ఆనించి కాల్చితే మరో చోటికి పోతుంది. మొదటి రోజు చాలామంది ఈ చెదురు చూసి తుపాకి బాగాలేదని, గురి చూసే సైట్ వంకరని అనుకుంటారు. పట్టు మార్చకుండా సైట్ మరలు మాత్రం తిప్పుతూ కూర్చుంటారు.

చేయాల్సింది ఇది. ఎడమ అరచేయి తెరిచి దాని మీద తుపాకిని ఊరికే ఉంచండి, వేళ్లతో బిగించొద్దు. భుజానికి తేలిగ్గా ఆనించండి. తన్నితే తన్ననీయండి, ఆపొద్దు. కాల్చాక కూడా కన్ను సైట్ మీద నుంచి తీయకుండా ఒక క్షణం అలాగే ఉండండి. సైట్ ముట్టుకోకుండా అయిదు పెల్లెట్లు కాల్చి, అవన్నీ ఒక చోటికి చేరాకే మరలు తిప్పండి. ఇలా చేస్తే అదే తుపాకి పది మీటర్లలో పెల్లెట్లన్నీ రూపాయి బిళ్లంత గుంపుగా వేస్తుంది. పీసీపీ ఈ పట్టు తప్పుల్ని చాలావరకు కప్పేస్తుంది. మొదటి రోజు అది వరంగా కనిపిస్తుంది గానీ, కొత్తగా నేర్చుకునేవాడికి తన తప్పు వెంటనే కనబడటమే మేలు.

కొత్త స్ప్రింగ్ గన్ లోపల నూనె మండి మొదట్లో రొంత పొగ, చప్పుడు జాస్తిగా ఉంటాయి. పెల్లెట్లు పడేకొద్దీ తగ్గుతుంది. పెల్లెట్ లేకుండా ఖాళీగా మాత్రం కాల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించాలంటే ఎయిర్ గన్‌కని చేసినదే కొనండి. మామూలు స్కోప్ ఆ రెండు వైపుల అదురుకు తట్టుకోదు. మొదటి రోజు తుపాకితో వచ్చిన సైట్లే చాలు.

పోటీలకు వెళ్లాలనే పట్టుదల ఉంటే నా మాట పక్కన పెట్టండి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిలే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ కాల్చేది గాలి నింపిన మ్యాచ్ రైఫిల్‌తోనే, జాకెట్ తొడుక్కుని. స్ప్రింగ్ గన్ వదులు పట్టు అక్కడికి పనికిరాదు. కోచ్ ఉన్న క్లబ్ దొరికితే వాళ్ల రైఫిల్‌తోనే మొదలుపెట్టండి.

ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ (మందుగుండుతో పేలే .22 రైఫిల్) కాల్చినవాళ్లు అదెందుకు కాదని అడుగుతారు. దానికి లైసెన్సు కావాలి, సరైన రేంజ్ కావాలి. మొదటి తుపాకిగా దాని జోలికి పోనక్కర్లేదు.

ఏది కొన్నా, కాల్చే చోటు గురించి జాగ్రత్త. మన వైపు ప్రహరీలు చాలావరకు బండలవే. కడప బండైనా, బేతంచెర్ల బండైనా సీసం పెల్లెట్ తగిలితే పక్కకు ఎగిరొచ్చి కంట్లో పడొచ్చు. టార్గెట్ వెనక ఇసుక నింపిన గోతాలు రెండు వరసలు పెట్టండి, వాటి వెనక మట్టి కట్ట ఉండేలా చూసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కన చూస్తున్న పిల్లలకు కూడా పెట్టండి. పెల్లెట్లలో చదును మూతివి కొంటే కాగితానికి గుండ్రని చక్కటి రంధ్రం పడుతుంది, గుంపు కొలవడం సులువు. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి కాల్చి చూడండి. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో రకం కుదురుతుంది.