రిమోట్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ రీడర్: మాట ఎక్కడ పుడుతుందన్నదే అసలు సంగతి

నాకు చూపు లేదు. విండోస్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో కూర్చుని, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో, ఎక్కడో ఉన్న మెషీన్లలోకి లాగిన్ అయి పని చేస్తుంటాను. ఇన్నేళ్లలో చేతికి దొరికిన పద్ధతులన్నీ వాడాను. కొన్ని వదిలేశాను, కొన్నిటికి అలవాటు పడ్డాను. దూరంగా ఉన్న సర్వర్ మీద పనిచేయడానికి ఏ పద్ధతి మేలని ఈ పనిలోకి కొత్తగా వస్తున్న చూపులేని కుర్రాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే మామూలు ఆర్‌డీపీ అవతలి స్క్రీన్‌ని బొమ్మగా పంపిస్తుంది. ఆ బొమ్మలో బటన్ ఏదో, మెనూ ఏదో నా ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీడీఏకి, అంటే తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి, తెలియదు. దాని లెక్కలో అదొక ఖాళీ విండో. అందుకని సర్వర్ మీద కూడా ఒక స్క్రీన్ రీడర్ నడవాలి, అది చెప్పేది నా చెవిన పడాలి. ఎలా పడుతుందన్న దాని మీదే పని హాయిగా సాగుతుందా, తలనొప్పి అవుతుందా అన్నది తేలుతుంది.

అన్నిటికంటే సులువుగా దొరికేది సర్వర్ శబ్దాన్నే ఇక్కడికి తెచ్చుకోవడం. డెస్క్‌టాప్ ఉన్న విండోస్ సర్వర్‌లో విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నేరేటర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆర్‌డీపీలో 'లోకల్ రిసోర్సెస్' ట్యాబ్‌కి వెళ్లి శబ్దం ఈ కంప్యూటర్‌లోనే వినిపించమని పెట్టి, ఫుల్ స్క్రీన్‌లో కనెక్ట్ అయి, విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే నేరేటర్ మాట్లాడాలి. చాలాసార్లు మాట్లాడదు. సర్వర్లలో విండోస్ ఆడియో సర్వీసు తరచూ ఆగిపోయి ఉంటుంది. మూగ మెషీన్‌లోకి వెళ్లి దాన్ని వెతకడం మన వల్ల కాదు. నా ల్యాప్‌టాప్‌లోనే సర్వీసెస్ కన్సోల్ తెరిచి, యాక్షన్ మెనూలోంచి ఆ సర్వర్‌కి కనెక్ట్ అయి, అక్కడి ఆడియో సర్వీసును ఇక్కడి నుంచే స్టార్ట్ చేస్తాను. ఆఫీసు మెషీన్లన్నిటికీ కలిపి నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలోనే ఆడియో మూసేసి ఉంటే మాత్రం ఆ పాలసీ చూసేవాళ్లను బతిమాలుకోవాల్సిందే.

సరే, మాట వచ్చిందనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలు విసుగు. బాణం కీ నొక్కిన కాసేపటికి గానీ మాట రాదు. వచ్చేటప్పుడు మొదటి ముక్క దారిలోనే రాలిపోతుంది. ఒక రాత్రి గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో వరసగా సెట్టింగుల స్థితి వింటుంటే ప్రతిదానికీ 'ఏబుల్డ్', 'ఏబుల్డ్' అనే వినిపించింది. అది ఎనేబుల్డా, డిజేబుల్డా? ఒక్కోదాని మీదికి వెనక్కీ ముందుకీ వెళ్లి మళ్లీ మళ్లీ వినాల్సి వచ్చింది. పైగా, ఆపమని కంట్రోల్ నొక్కినా అప్పటికే బయల్దేరిన శబ్దం వినిపించి తీరుతుంది. ఐదు నిమిషాల పనికి పర్వాలేదు. షిఫ్టు మొత్తం ఇలాగే అంటే మాత్రం తల పగిలిపోతుంది.

ఇన్సర్ట్ కీ గొడవ ఇంకొకటి. ఎన్‌వీడీఏకి ఆజ్ఞలిచ్చే కీ, అంటే 'ఎన్‌వీడీఏ కీ', అదే. రెండు చోట్లా ఎన్‌వీడీఏ ఉంటే ఇన్సర్ట్ నొక్కగానే ల్యాప్‌టాప్‌లోనిది దాన్ని పట్టేసుకుంటుంది, సర్వర్ దాకా పోనివ్వదు. ఆర్‌డీపీ విండోలో ఉండగా ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి ఇక్కడిదాన్ని నిద్రపుచ్చాలి. అది డెస్క్‌టాప్ కీబోర్డ్ లేఅవుట్‌లో. ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో ఎస్ బదులు జెడ్. ఆ ఒక్క ప్రోగ్రామ్‌లోనే నిద్రపోతుంది, బయటికి వస్తే మామూలే. ఇది తెలియక ఆర్‌డీపీ పనికిరాదని వదిలేసినవాళ్లను చూశాను. దీంతోపాటే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ కూడా గుర్తుపెట్టుకోండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ సర్వర్‌కి చేరాలంటే అదే దారి.

శబ్దాన్ని మోసుకురావడం మానేసి, చెప్పాల్సిన అక్షరాలను మాత్రం పంపిస్తే? ఎన్‌వీడీఏ రిమోట్ చేసేది అదే. 2015లో విరాళాల మీద తయారైన యాడ్ఆన్ అది, 2025.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలోనే కలిసిపోయింది. సర్వర్‌లోని ఎన్‌వీడీఏ ఏం చెప్పాలో ఆ పాఠం మాత్రమే నెట్ మీద వస్తుంది, గొంతు నా ల్యాప్‌టాప్‌ది. ఊరెళ్లినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా బాణం నొక్కీ నొక్కగానే మాట వచ్చింది. నేను ఎన్‌వీడీఏలోని ఈస్పీక్ గొంతును బాగా వేగంగా పెట్టుకుంటాను. మా ఆవిడ అది విని 'టేపు చుట్టుకుపోయిందా ఏంటండీ' అంటుంది. ఆ వేగం సర్వర్ పనిలోనూ దొరకడం ఎంత సుఖమో వాడితే గానీ తెలియదు.

అయితే ఆఫీసు సెక్యూరిటీ వాళ్లు దీనికి అంత త్వరగా ఒప్పుకోరు, వాళ్లనీ తప్పుపట్టలేం. మధ్యలో బయటి రిలే సర్వర్ ఉంటుంది, కనెక్షన్‌కి పాస్‌వర్డ్‌లా వాడే కీ తెలిసినవాడెవడైనా మెషీన్‌ని నడపగలడు. రిలే లేకుండా నేరుగా కనెక్ట్ అయ్యే వీలుంది, దానికి పోర్టు 6837 తెరవాలి. ఆఫీసు నెట్‌వర్క్ లోపలే అయితే సరే అన్నవాళ్లున్నారు, ససేమిరా అన్నవాళ్లూ ఉన్నారు.

అందుకే నా ఓటు ఆర్‌డీయాక్సెస్ అనే యాడ్ఆన్‌కి. ఇది కొత్త పోర్టు అడగదు. ఆర్‌డీపీ కనెక్షన్ లోపలే ఉండే ఒక ఛానల్‌లోంచి మాటనూ బ్రెయిలీనీ పంపిస్తుంది. సెక్యూరిటీ వాళ్లకు నచ్చజెప్పాల్సింది సర్వర్‌లో ఎన్‌వీడీఏనీ ఈ యాడ్ఆన్‌నీ పెట్టడం గురించే. అక్కడ పోర్టబుల్ కాపీతో సరిపెట్టుకోకుండా ఇన్‌స్టాల్ చేయించుకోండి. లేకపోతే యూఏసీ పర్మిషన్ అడిగే తెర వచ్చిన ప్రతిసారీ మాట పడిపోతుంది. డబ్బుతో కొనుక్కోవాల్సిన స్క్రీన్ రీడర్ జాస్ కూడా చాలాకాలంగా ఇలాగే ఆర్‌డీపీ లోపలి దారిలో పనిచేస్తోంది, రెండు వైపులా జాస్ ఉండాలి. ఆఫీసు కొనిపెడితే కళ్లకద్దుకుని వాడండి. నేను మాత్రం జేబులోంచి డబ్బు పెట్టి కొనమని ఎవరికీ చెప్పను.

ఇంత చెప్పాక ఒక మాట. ఇప్పుడు నా పనిలో రిమోట్ డెస్క్‌టాప్ వాటా బాగా తగ్గిపోయింది. యాక్టివ్ డైరెక్టరీ, డీఎన్ఎస్ లాంటివన్నీ, సర్వర్లను దూరం నుంచి చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆర్‌శాట్ టూల్స్‌తో నా ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటాయి. ఈవెంట్ వ్యూయర్ విండోస్‌లోనే ఉంది. అవతలి బొమ్మతో పనే లేదు. మిగతాది కమాండ్లు టైపు చేసి పని చేయించే పవర్‌షెల్. రిమోట్ సెషన్‌లోకి వెళ్తే ప్రాంప్ట్ మొదట్లోనే బ్రాకెట్లలో సర్వర్ పేరు చదువుతుంది, ఏ మెషీన్‌ని రీస్టార్ట్ చేయబోతున్నానో టెన్షన్ ఉండదు. ఫలితాలు టేబుల్‌గా వస్తే పొడుగు పేర్లు చివర తెగిపోయి చుక్కలు మిగులుతాయి, కాబట్టి ఒక్కో వివరాన్నీ ఒక్కో లైన్‌లో చూపించే ఫార్మాట్-లిస్ట్ అలవాటు చేసుకోండి. మరీ పెద్దదైతే సీఎస్‌వీగా పంపించి ఎక్సెల్‌లో చదువుకోవచ్చు. మౌస్‌కి అలవాటు పడినవాళ్లు సర్వర్ కోర్ అంటే జంకుతారు. నాకైతే అలాంటి సర్వర్ వచ్చిందంటే పండగే. డెస్క్‌టాప్ లేదు కాబట్టి అందరం కమాండ్లే కొట్టాలి, అక్కడ నా వేగాన్ని అందుకునేవాళ్లు మా టీమ్‌లో తక్కువ.

ఏ పద్ధతీ పనిచేయని చోటు ఒకటుంది. సర్వర్ బూట్ కాకపోతే బయాస్ తెర, హార్డ్‌వేర్ కన్సోల్ చూడాలి. అప్పటికి విండోస్ లేదు, స్క్రీన్ రీడర్ లేదు, ఉన్నది ఉత్త బొమ్మ. ఎన్‌వీడీఏ కీ, ఆర్ నొక్కి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివించవచ్చు గానీ, ఎంచుకున్న వరస ఏదో రంగును బట్టే తెలుస్తుంది కాబట్టి అది సగం పనే. అప్పుడు షిఫ్టులో ఉన్న జూనియర్‌ని పిలుస్తాను.

'అన్నా, నీలం రంగులో ఏదో వచ్చింది.'

'రంగు సరే తమ్ముడూ, పైనుంచి ఒక్కో లైనూ చదువు.'

కొత్త సర్వర్ కొనే ముందు సీరియల్ ఓవర్ ల్యాన్ ఉందా అని నేను అడిగేది ఇందుకే. అది ఉండి, బయాస్‌లో కన్సోల్ రీడైరెక్షన్ ఆన్ చేసి ఉంటే ఆ తెర అక్షరాల రూపంలో నా టెర్మినల్‌కి వస్తుంది. గీతలూ డబ్బాల మధ్య వెతుక్కోవాలి గానీ, బూట్ ఆర్డర్ మార్చడం వరకూ నేనే చేసుకోగలను.